రెండు లారీల దూరం

కొండ్రాయిపాడులో బుల్లబ్బాయిగారి ఇంట్లో అందరూ తెలివైనవాళ్ళే. ఆ మాట ఎవరన్నారని అడక్కండి, వాళ్ళే అన్నారు. పొద్దున్నే పళ్ళు తోముకునేటప్పుడు ఒకసారి, రాత్రి దుప్పటి కప్పుకునేటప్పుడు ఒకసారి ఆ మాట అనుకోకపోతే వాళ్ళకి తోచదు.

"మనింటి గొప్పేంటో తెలుసా?" అంటాడు బుల్లబ్బాయి మీసం దువ్వుకుంటూ. "చెప్పింది చెప్పినట్టు చేస్తాం. ఊళ్ళో జనాన్ని చూడండి, ఒకటి చెబితే ఇంకోటి చేస్తారు."

"ఆయ్" అంటాడు బావమరిది తాతారావు.

"మరేనండి" అంటుంది భార్య మహలక్ష్మి.

కొడుకు అబ్బులు మాత్రం ఏమీ అనడు. అనమని ఎవరూ చెప్పలేదు కదా మరి.

ఈ తెలివి వల్లే అబ్బులుకి ముప్ఫై దాటినా పెళ్ళి కాలేదు. మొదటి సంబంధం వాళ్ళు గుమ్మంలోకి ఎదురొచ్చి, "రండి రండి, మీ ఇల్లే అనుకోండి" అన్నారు. అంతే. బుల్లబ్బాయి చొక్కా విప్పి వంకీకి తగిలించి, నడవాలో మంచమెక్కి పడుకుని, "ఏమే, మనింట్లో ఈ జనమంతా ఎవరే? పనీపాటా లేదా వీళ్ళకి? పొమ్మను" అన్నాడు. రెండో సంబంధం వాళ్ళు, "అబ్బాయి ఏం చేస్తాడండీ?" అని అడిగారు. "ఏం చెబితే అది చేస్తాడండీ" అంది మహలక్ష్మి. పాపం, నిజమే చెప్పింది. ఆ సంబంధమూ పోయింది.

మూడోది గరువుపాలెం సంబంధం. పిల్ల పేరు నాగరత్నం. పెళ్ళిచూపుల్లో కాఫీ తెచ్చి, "తీసుకోండి" అంది. అబ్బులు తీసుకున్నాడు. తీసుకుని ఒళ్ళో పెట్టుకుని కూచున్నాడు. కాఫీ చల్లారింది, మీగడ కట్టింది, పెద్దవాళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోవడం మొదలెట్టారు. నాగరత్నం కాసేపు పరీక్షగా చూసి, "తాగండి" అంది. తాగాడు. "గ్లాసు కింద పెట్టండి" అంది. పెట్టాడు. "నా వంక చూడండి" అంది. చూశాడు. ఇంకేముంది, పిల్ల కిసుక్కున నవ్వేసింది. ఆ నవ్వు అబ్బులుకి ఎంత నచ్చిందంటే, ఇంటికొచ్చాక ఎవరూ చెప్పకుండానే రెండు పూటలు అన్నం మానేశాడు. ఆ ఇంట్లో ఎవరైనా చెప్పకుండా చేసిన పని అదొక్కటే.

పిల్ల తండ్రి కోటిలింగానికి మాత్రం ఈ సంబంధం అసలు ఇష్టం లేదు. "వీళ్ళ వాలకం చూశావా తల్లీ?" అని గొణిగాడు. నాగరత్నం వింటేనా? "చెప్పిన మాట వినే మొగుడు ఈ జిల్లా మొత్తం మీద ఇంకెవరికైనా ఉన్నాడా నాన్నా?" అంది. కోటిలింగం పెళ్ళాం వంక చూశాడు. ఆవిడ ఈయన వంక అదోలా చూసింది.

ఒప్పుకున్నాడు గానీ గట్టి షరతు పెట్టాడు. "పన్నెండులోపు తాళి పడాలి బావగారూ. ముహూర్తం దాటిందా, పీటలు ఎత్తేస్తాను. మా చెల్లెలి కొడుకు పట్టుపంచె కట్టుకుని పక్కనే కూచుని ఉంటాడు, ఆపైన మీ ఇష్టం."

ఆ రాత్రే పట్టుపంచె వాడు అబ్బులు కలలోకి వచ్చాడు.

పెళ్ళి రోజు రానే వచ్చింది. చుట్టాలంతా ముందురోజే బస్సులో వెళ్ళిపోయారు. తెలివైనవాళ్ళు తొందరపడరు కనక వీళ్ళు నలుగురూ ఆ ఉదయం సొంత వ్యానులో బయల్దేరారు. తాతారావు స్టీరింగు దగ్గర, బుల్లబ్బాయి పక్క సీట్లో, వెనక బాసికం కట్టుకున్న అబ్బులు, ఒళ్ళో తాళిబొట్టు పళ్ళెంతో మహలక్ష్మి.

"దారి తెలుసా?" అని అడిగాడు పక్కింటాయన.

"తెలీదండి" అన్నాడు తాతారావు గర్వంగా.

"ఏముందయ్యా, హైవే ఎక్కి ముందు వెళ్ళే లారీని పట్టుకుని పోండి. అన్నీ అటే పోతాయి."

ఆ మాటే చాలు. హైవే ఎక్కే మలుపు దగ్గర ఇసక లారీ ఒకటి మెల్లగా పోతోంది. తాతారావు వ్యానుని దాని వెనక చక్రాల్లోకి దూర్చేసినంత పని చేశాడు. బుల్లబ్బాయి కిటికీలోంచి నడుం దాకా బయటికి వంగి, లారీ వెనక వేలాడే గొలుసు పట్టుకున్నాడు.

"పట్టుకున్నావా బావా?"

"పట్టుకున్నాన్రా! నువ్వు పోనీ!"

గట్టిగా విజిల్ మోగింది. హైవే గస్తీ జీపు దగ్గర నిలబడ్డ ఉద్యోగి పరిగెత్తుకొచ్చి వ్యాను ఆపించాడు. పాపం, ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు.

"బుద్ధుందా మీకు? బండిని పట్టుకోవడం అంటే చేత్తో పట్టుకోవడమా? అసలు ముందు బండికి అంత దగ్గరగా వెళ్ళొచ్చా? అది ఠక్కున బ్రేకేస్తే ఏమవుతుంది? మీరది చూడాలి, కాలు బ్రేకు మీదికెళ్ళాలి, బండి ఆగాలి. దానికి చోటు కావాలా వద్దా? ముందు బండికీ మీకూ మధ్య కనీసం రెండు లారీలు పట్టేంత ఖాళీ వదలండి. వేగం పెరిగితే ఇంకా ఎక్కువ వదలండి. ఏం జరిగినా సరే, ఆ ఖాళీ తగ్గనివ్వకండి."

ఆయన చెప్పింది లక్షణమైన మాట. ఎవరికి చెబుతున్నాడో ఆయనకి తెలీదు, అంతే.

"అలాగేనండి" అన్నారు నలుగురూ ముక్తకంఠంతో.

హైవే ఎక్కారు. పెళ్ళిళ్ళ రోజులు కావడంతో రోడ్డు మీద బండ్లు కిటకిటలాడుతున్నాయి. తాతారావు బుద్ధిగా వెనక్కి తగ్గి ఖాళీ వదిలాడు. అప్పుడు బుల్లబ్బాయికి అనుమానం వచ్చింది.

"ఒరే, ఇందులో రెండు లారీలు పడతాయంటావా?"

"చూస్తే పట్టేలాగే ఉంది బావా."

"చూస్తే కాదురా, కొలవాలి. బియ్యం కొలవాలంటే శేరు కావాలి. లారీల దూరం కొలవాలంటే?"

"లారీలు కావాలి!" అంది మహలక్ష్మి.

"అద్గదీ. ఊరికే అన్నారా మనింట్లో ఆడవాళ్ళక్కూడా తెలివని."

ఇంకేముంది, బుల్లబ్బాయి కిటికీలోంచి చెయ్యి ఊపుతూ వెనక లారీలని పిలవడం మొదలెట్టాడు. "రండి బాబూ రండి! ముందుకొచ్చి ఈ ఖాళీలో దూరండి!" ఇంత మర్యాద ఆ రోడ్డు మీద ఎవడెరుగు? సిమెంటు లారీ ఒకటి ఆనందంగా దూరింది. దాని వెనకే అరటిగెలల లారీ దూరింది.

"పట్టాయిరోయ్!" అని నలుగురూ చప్పట్లు కొట్టారు.

చప్పట్లు ఆగాక మహలక్ష్మి అంది, "ఏమండీ, మరిప్పుడు మనకీ అరటిగెలలకీ మధ్య ఖాళీ ఏదీ?"

తాతారావు వేగం తగ్గించి మళ్ళీ ఖాళీ చేశాడు. అందులో ఓ బస్సు దూరింది. మళ్ళీ తగ్గించాడు. రెండు కార్లు దూరాయి. మళ్ళీ తగ్గించాడు. కోళ్ళ వ్యాను, పాల వ్యాను, చివరికి గేదెని ఎక్కించుకున్న ఆటో, అన్నీ దూరాయి. వీళ్ళు ఎంత ఖాళీ వదిలితే అంత ఖాళీ ఎవరో ఒకరు నింపుతున్నారు. కాసేపటికి వ్యాను ఎడ్లబండి వేగానికొచ్చింది. వెనక నుంచి హారన్లే హారన్లు.

"విన్నావా తమ్ముడూ," అని మురిసిపోయింది మహలక్ష్మి, "అబ్బులు పెళ్ళని అందరికీ తెలిసిపోయింది. ఎంత చక్కగా వాయిస్తున్నారో!"

"అమ్మా, ముహూర్తం" అన్నాడు అబ్బులు.

"భయమెందుకురా? ఎడం పక్కకి పోదాం, అక్కడ ఎవరూ దూరరు" అన్నాడు తాతారావు. అని వ్యానుని రోడ్డు పక్కన, బండ్లు ఆపుకునే వెడల్పాటి అంచు మీదికి దింపాడు. నిజంగానే అక్కడెవరూ దూరలేదు. కొంచెం దూరం పోయాక ముందు ఒక లారీ కనిపించింది. తాతారావు కొలతగా ఖాళీ వదిలి, దాని వెనక ఆపాడు.

ఆపి, అది కదిలేదాకా ఎదురు చూడసాగారు.

లారీ కదల్లేదు. దాని డ్రైవరు పక్కన పొయ్యి పెట్టుకుని పప్పు వండుకుంటున్నాడు. వీళ్ళ వంక అనుమానంగా చూసి లేచొచ్చాడు.

"ఏం కావాలండీ?"

"ఏమీ వద్దండి. మీరు కదిలితే మేమూ కదులుదామని."

"నాది ఇరుసు విరిగింది. మెకానిక్కు రేపొస్తాడు."

"పర్లేదండి, ఆగుతాం" అన్నాడు బుల్లబ్బాయి హుందాగా.

డ్రైవరు ఒకసారి వ్యానుకి కట్టిన మామిడాకులు చూశాడు, ఒకసారి అబ్బులు నుదుటి మీద బాసికం చూశాడు. వెళ్ళి పప్పు కలుపుకున్నాడు.

అంతలో బుల్లబ్బాయి ఫోను మోగింది. అవతల కోటిలింగం.

"ఎక్కడున్నారు బావగారూ?"

"వ్యానులో ఉన్నామండి."

"వ్యాను ఎక్కడుంది?"

"రోడ్డు మీదండి."

"ఆ రోడ్డు ఎక్కడుందండీ?"

"వ్యాను కిందండి."

కోటిలింగం పళ్ళు నూరుకున్న చప్పుడు ఫోనులో వినిపించింది. "సరే, అసలు ఎంత దూరంలో ఉన్నారు?"

"కరెక్టుగా రెండు లారీల దూరంలో ఉన్నామండి. ఒక్క అంగుళం తేడా రానివ్వలేదు."

"అలా చెప్పండి మరి!" అని కోటిలింగం ఫోను పెట్టేసి, "వచ్చేశారు, వచ్చేశారు! ఎదురుకోలుకి పదండి!" అని కేకేశాడు. అంతే. గరువుపాలెంలో బాజాలు అందుకున్నారు. పన్నీరు బుడ్లతో, పానకం బిందెలతో ఊరి మొదట్లోకి పోలోమని వెళ్ళి నిలబడ్డారు. నిలబడ్డారు, నిలబడ్డారు, పానకంలో చీమలు పడ్డాయి. సన్నాయి వాయించేవాడికి బుగ్గలు నొప్పెట్టి అరుగు మీద కూలబడ్డాడు. రెండు లారీలు కాదు కదా, ఒక సైకిలు కూడా రాలేదు.

కోటిలింగానికి ఒళ్ళు మండిపోయింది. "నేను ముందే చెప్పాను! పీటలు ఎత్తేయండి!" అన్నాడు. పట్టుపంచె మేనల్లుడు జుట్టు సవరించుకున్నాడు.

నాగరత్నం పెళ్ళికూతురి బుట్టలోంచి లేచి నిలబడింది. "ఎత్తండి నాన్నా. ఎత్తి కారులో పెట్టండి. పంతులుగారూ, మీరు కూడా ఎక్కండి." అని తండ్రి చేతిలో ఫోను తీసుకుని అబ్బులుకి చేసింది.

"కిటికీలోంచి బయటికి చూడండి. ఏదైనా బోర్డు కనిపిస్తోందా?"

"కనిపిస్తోంది."

"దాని మీద ఏం రాసుందో పైకి చదవండి."

"నిద్ర వస్తే బండి ఆపి నిద్రపోండి."

"నిద్రపోకండి! ఇంకో బోర్డు ఉందా?"

అబ్బులు అప్పటికే ఒక కన్ను మూశాడు. అది తెరిచి చదివాడు. "పాలంక వంతెన, ఒక కిలోమీటరు."

"ఇంక అక్కడి నుంచి కదలకండి" అంది నాగరత్నం. "నేనొస్తున్నాను."

నేనొస్తున్నాను అన్న ఆ మాట అబ్బులు లోలోపల ఎన్నిసార్లు అనుకున్నాడో. ముప్ఫై ఏళ్ళలో వాడి కోసం ఎవరూ ఎక్కడికీ రాలేదు మరి.

కోటిలింగం కారు రోడ్డు అవతలి వైపు నుంచి వాళ్ళని దాటిపోయి, మలుపు తిరిగి వచ్చి, ఆ లారీకి కొంచెం ముందుగా, అదే అంచు మీద ఆగింది. కోటిలింగం దండ పట్టుకుని కారు దిగి, ఎంత కోపంలో ఉన్నా మర్యాద మర్యాదే కనక, నవ్వు తెచ్చిపెట్టుకుని ఎదురుకోలుకి నడిచాడు.

"అమ్మో బావా, ఖాళీ తగ్గిపోతోంది!" అని అరిచాడు తాతారావు.

"వెనక్కి తియ్యరా!"

వ్యాను వెనక్కి నడిచింది. కోటిలింగం గబగబా నడిచాడు. వ్యాను గబగబా వెనక్కి పోయింది. కోటిలింగం పంచె ఎగ్గట్టి పరుగెత్తాడు. వ్యాను కూడా వెనక్కి పరుగెత్తింది. ఆయన ఆయాసంతో ఆగితే వ్యానూ ఆగింది.

"ఎక్కడికయ్యా పారిపోతున్నారు?"

"పారిపోవడం లేదండి, మీ ప్రాణాలు కాపాడుతున్నాం!" అని కిటికీలోంచి దండం పెట్టాడు బుల్లబ్బాయి.

అవతల పంతులుగారు గడియారం చూసుకుని నెత్తి కొట్టుకుంటున్నాడు. "ముహూర్తం అయిపోవస్తోందమ్మా! ఇంక పది నిమిషాలు కూడా లేదు!"

నాగరత్నం చీర కుచ్చిళ్ళు పట్టుకుని తండ్రి పక్కకొచ్చి నిలబడింది. గొంతెత్తి ఒక్కొక్క మాటే చెప్పింది. "తాతారావు బాబాయిగారూ, ఇంజను ఆపండి." ఆపాడు. "తాళం తీసి జేబులో వేసుకోండి." వేసుకున్నాడు. "అందరూ కిందికి దిగండి. దిగి నా దగ్గరికి నడిచి రండి."

నలుగురూ నడిచారు. అందరూ వచ్చారు గానీ అబ్బులు సగం దారిలో ఆగిపోయాడు. వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఏమైందండీ?"

"రావాలనే ఉంది. ఖాళీ తగ్గనివ్వొద్దన్నారు, ఏం జరిగినా సరేనన్నారు."

నాగరత్నం నవ్వలేదు. వాడి దగ్గరికి నడిచి వెళ్ళింది. "చూడండి, అది బండ్లకి. పరుగెత్తే బండ్లకి మాత్రమే. మీరు బండి కాదు."

"కాదా?"

"కాదు. మీరు మనిషి. నాకు కాబోయే మొగుడు. దగ్గరికి రావచ్చు."

ఎంత పెద్ద బరువు దిగిందో అబ్బులుకి! వాడికి ఇంత విడమరిచి ఎవరు చెప్పారు గనక? ఎగిరి గంతేసినంత పని చేసి పక్కన నిలబడ్డాడు.

లారీ డ్రైవరు పప్పు గిన్నె పక్కకి జరిపి చోటిచ్చాడు. అక్కడే లారీ నీడలో పీటలు వేశారు. పంతులుగారు మంత్రాలు బస్సు అందుకునేవాడిలా పరుగెత్తించాడు. మహలక్ష్మి తాళి అందించింది.

"గట్టిమేళం, గట్టిమేళం!" అన్నాడు పంతులుగారు. బాజాలవాళ్ళు గరువుపాలెంలో అరుగు మీద కూలబడి ఉన్నారు, ఇక్కడ మేళం ఏదీ? లారీ డ్రైవరు ఒక్క గంతులో పైకెక్కి గాలి హారను నొక్కిపట్టాడు. రోడ్డు మీద పోయే లారీలవాళ్ళు చూసి, వాళ్ళూ నొక్కారు. చెవులు చిల్లులు పడే ఆ మోతలో అబ్బులు మూడు ముళ్ళూ వేశాడు. ముహూర్తం దాటలేదు. కోటిలింగం కళ్ళు తుడుచుకున్నాడు. కోపమంతా ఎటు పోయిందో ఆయనకే తెలీదు.

గరువుపాలెం వెళ్ళి భోజనాలు చేశారు. పట్టుపంచె మేనల్లుడే దగ్గరుండి బూరెలు వడ్డించాడు. ఎండ తగ్గాక అప్పగింతలు. కోటిలింగానికి ఒక్కటే దిగులు, వీళ్ళు పిల్లని క్షేమంగా ఇంటికి చేరుస్తారా అని. అందుకని తనే కారు తీశాడు.

"తాతారావుగారూ, నేను ముందు దారి చూపిస్తాను. నా కారు వెనకాలే రండి. మధ్యలో కావలసినంత ఖాళీ వదలండి, ఎవరైనా దూరితే దూరనివ్వండి, కంగారు పడకండి. ఆగొద్దు, వెనక్కి పోవద్దు. నేను ఎటు తిరిగితే అటు తిరగండి. నా కారుని మాత్రం వదలకండి."

"అలాగేనండి" అన్నారు ముక్తకంఠంతో.

ఈసారి ఎంత చక్కగా వచ్చారంటే, హైవే మీద ఎవరైనా చూసి నేర్చుకోవచ్చు. ఎవడో మధ్యలో దూరితే తాతారావు కాస్త నెమ్మదించాడు, మళ్ళీ సర్దుకున్నాడు, అంతే. కోటిలింగం అద్దంలో చూసుకుని మురిసిపోయాడు. కొండ్రాయిపాడు చేరేసరికి ఇంకా పొద్దు వాలలేదు. గుమ్మం ముందు ఇరుగమ్మలు పొరుగమ్మలు హారతి పళ్ళెంతో కాచుకుని ఉన్నారు.

నాగరత్నం వ్యాను దిగి గుమ్మం ముందు నిలబడింది. ఆడవాళ్ళు అడ్డం నిలబడి, "మొగుడి పేరు చెప్పందే లోపలికి రానివ్వం!" అని పట్టుబట్టారు. అంత గడుసు పిల్లా ఎర్రబడిపోయి, కళ్ళు మూసుకుని తల వంచుకుంది.

వీధిలో కోటిలింగం, తనని చూస్తే పిల్ల ఏడుస్తుందని, చప్పుడు చెయ్యకుండా కారు వెనక్కి తిప్పి గరువుపాలెం దారి పట్టాడు.

"బావా! కారు తిరిగింది!" అన్నాడు తాతారావు.

"ఎక్కండ్రా, ఎక్కండి!" అన్నాడు బుల్లబ్బాయి.

ఇంకేముంది. మహలక్ష్మి ఎక్కింది. అబ్బులు ఒక్క క్షణం పెళ్ళాం వంక చూశాడు. ఆవిడ కళ్ళు మూసుకుని ఉంది, ఉండమని గానీ వద్దని గానీ ఏమీ అనలేదు. వాడూ ఎక్కాడు.

"అబ్బులుగారు" అని నాగరత్నం సిగ్గుపడుతూ చెప్పి కళ్ళు తెరిచింది. వీధిలో దుమ్ము తప్ప ఇంకేమీ లేదు.

కోటిలింగం తన ఇంటి ముందు కారు దిగి వెనక్కి చూసేసరికి, వ్యాను అదే కొలతలో వచ్చి ఆగింది. అందులోంచి నలుగురూ దిగారు.

"అమ్మాయేదీ?" అన్నాడు కోటిలింగం.

"భద్రంగా ఇంటి దగ్గర దింపేశామండి" అన్నాడు బుల్లబ్బాయి.

"మరి మీరెందుకొచ్చారు?"

"మీ కారు వెనకాలే రమ్మన్నారు, వదలొద్దన్నారు. చాలని మీరు అనలేదు కదండీ."

కోటిలింగం గుమ్మంలోనే కూలబడ్డాడు. అప్పుడే అబ్బులు ఫోను మోగింది.

"ఎక్కడున్నారండీ?" అంది నాగరత్నం.

"మీ ఇంట్లో. నువ్వెక్కడున్నావు?"

"మీ ఇంట్లో."

ఆ మాట విన్న బుల్లబ్బాయి ఛాతీ పొంగిపోయింది. వియ్యంకుడి భుజం తట్టి లేపాడు. "చూశారా బావగారూ, పెళ్ళయిన మొదటి రోజే ఇంత జాగ్రత్తగా ఉన్న దంపతుల్ని ఎక్కడైనా చూశారా? కొలుచుకోండి, మధ్యలో ఎన్ని వేల లారీలు పడతాయో!"